కండక్టరమ్మ బాతులు

బాతుకి బుర్ర ఉండదని అపార్ట్‌మెంటు సెక్రటరీ గారు అన్న రోజునే అసలు గొడవ మొదలైంది. అంతకు ముందు జరిగినదంతా ఉత్త గొణుగుడు. రెట్టలు వేశాయని ఒకరు, పొద్దున్నే అరుస్తున్నాయని ఇంకొకరు, మెట్ల దగ్గర మూతి ముడుచుకుని నాలుగు మాటలనేసి లిఫ్టెక్కి వెళ్ళిపోయేవారు. కండక్టరమ్మ ఆ గొణుగుడుని ఏనాడూ చెవిన పెట్టలేదు. కిక్కిరిసిన బస్సులో, గొణిగే జనం మధ్యే నిలబడి, వయసంతా టికెట్లు కొట్టిన మనిషి ఆవిడ. గొణుగుడుకి జడిస్తే ఆ ఉద్యోగం మొదటి వారమే మానేయాలి. కానీ బుర్ర లేదనడం వేరు. ఆ మాటకి ఆవిడకి ఒళ్ళు మండిపోయింది.

"బుర్ర లేకపోతే నా మాట ఎలా వింటున్నాయండీ?" అని అడిగింది.

"బాతులా? మీ మాటా?" సెక్రటరీ గారు పక్కనున్న వాళ్ళ వైపు చూసి నవ్వారు. "ముందు ఇంట్లో మీ అబ్బాయి వింటాడేమో కనుక్కోండి మేడమ్."

అందరూ నవ్వారు. నవ్వితే నవ్వారు, పోనీ. అక్కడే నిలబడ్డ ఆవిడ కొడుకు కూడా, మొహమాటానికో దేనికో, పళ్ళు బయటపడేలా నవ్వాడు. కండక్టరమ్మ ఆ నవ్వు చూసింది. చూసి ఊరుకునే రకమా ఆవిడ?

"అయితే రండి, అందరూ రండి," అంది. "ఈ ఆదివారం కాదు, పై ఆదివారం మీ మీటింగు ఎలాగూ ఈ పార్కింగులోనే కదా. నా బాతుల్ని పెరటి గుమ్మం దగ్గర్నుంచి గేటు దాకా నడిపిస్తాను. మధ్యలో ఈ పసుపు గీత దగ్గర ఆపుతాను. మళ్ళీ వెనక్కి తిప్పి ఇంట్లోకి తోలేస్తాను. కర్ర పట్టుకోను, చెయ్యి వెయ్యను. నోటి మాటే. ఆగకపోతే ఆ కోళ్ళ ఫారమ్ వ్యానేదో తెప్పిస్తానంటున్నారుగా, తెప్పించుకోండి. మీ చేత్తోనే ఎక్కించండి. ఆగితే మాత్రం ఇక జన్మలో నా బాతుల జోలికి రాకండి."

"అమ్మా, ఎందుకొచ్చిన పంతం చెప్పు," అన్నాడు కొడుకు, చెయ్యి పట్టుకుని పక్కకి లాగుతూ.

"నువ్వు నవ్వడం అయిపోయిందా? అయితే పద లోపలికి," అంది.

సెక్రటరీ గారి మీద అన్యాయంగా మాట్లాడకూడదు. ఆయన చెడ్డవాడేం కాదు. ఆ భవనంలో ఎవరూ తలకెత్తుకోని పని నెత్తిన వేసుకున్న మనిషి. లిఫ్టు ఆగినా, మేడ మీద ట్యాంకు పొంగినా, మురుగు కాలువ నిండినా ఆయన తలుపే కొడతారు. పైగా కార్లు దిగే వాలు మీద బాతు రెట్ట తొక్కి జారి, మణికట్టు వాచి, కొన్నాళ్ళు ఎడమ చేత్తో అన్నం తిన్నాడు. ఆ మర్నాటి నుంచీ కండక్టరమ్మ రోజూ పొద్దున్నే బకెట్టూ బ్రష్షూ పట్టుకుని ఆ వాలంతా కడుగుతూనే ఉంది. క్షమించమని కూడా అడిగింది. తప్పు జరిగిందంటే ఒప్పుకుంటుంది. కానీ బుర్ర లేదంటే? ఒప్పుకోదు. ఎందుకు ఒప్పుకోవాలి?

ఆవిడకో పేరుంది గానీ ఆ భవనంలో ఎవరికీ తెలియదు. అందరికీ కండక్టరమ్మే. ఆవిడ భర్త డ్రైవరు. డిపో వాళ్ళు ఏ కళనున్నారో గానీ చాలాకాలం ఇద్దరినీ ఒకే బస్సు మీద వేశారు. ఆయన ముందర స్టీరింగు దగ్గర, ఈవిడ వెనక జనంలో. పొద్దుట్నుంచి సాయంత్రం దాకా ఇద్దరి మధ్యా రెండే మాటలు. రైట్ రైట్ అంటే బస్సు కదిలేది. హోల్డాన్ అంటే ఆగేది. ఆయన తల తిప్పి చూసేవాడు కాదు. చూడాల్సిన అవసరం లేదు, ఆవిడ అందంటే అంతే. వెనక చక్రం పక్కన ఎవరైనా కాలు జారినా, ముసలామె ఇంకా ఒక మెట్టు మీదే ఉన్నా, ఆవిడ గొంతు వినబడితే చాలు, అంత బరువు బస్సూ అక్కడికక్కడే నిలబడిపోయేది.

"ఇంట్లో నా మాట ఒక్కటీ చెల్లనివ్వడు. బస్సెక్కితే మాత్రం నేను అనకుండా చక్రం కదపడు," అని డిపోలో అందరికీ చెప్పి నవ్వించేది. చిల్లర అడిగిన వాళ్ళందరికీ ఆవిడ జవాబు ఒకటే, దిగేటప్పుడు తీసుకోండి. ఆ మాట అనీ అనీ, ఆఖరికి ఇంట్లో మొగుడు మంచినీళ్ళు అడిగినా అదే అనేదని ఆయన ఎగతాళి చేసేవాడు.

ఉద్యోగం అయిపోయింది. ఆ తర్వాత కొన్నాళ్ళకి ఆయనా వెళ్ళిపోయాడు. ఆవిడ కొడుకు దగ్గరికి, ఈ కింది అంతస్తు ఇంటికి వచ్చింది. కొడుకు లిఫ్టులు బాగుచేసే కంపెనీలో పని చేస్తాడు. కోడలు పళ్ళ ఆసుపత్రిలో, వచ్చినవాళ్ళని కూర్చోబెట్టి పేరు పిలిచే చోట ఉంటుంది. ఇద్దరూ మంచివాళ్ళు. ఒక్క మాట తూలరు. మందులు టైముకి ఇస్తారు, దుప్పటి ఉతికి పెడతారు. కాకపోతే ఆవిడ ఏం చెప్పినా "అలాగే" అంటారు.

కుళాయి కట్టెయ్యమంటే అలాగే. పొయ్యి మీద పాలు పొంగుతున్నాయంటే అలాగే. అది అనేసి ఎవరి ఫోను వాళ్ళు చూసుకుంటూ ఉంటారు. అలాగే అనే మాట మొహం మీదే వేసిన తలుపులాంటిది, కాకపోతే చప్పుడు రాదు. కండక్టరమ్మ ఆ ఇంట్లో ఒక మాట అంటే ఏదీ కదల్లేదు, ఏదీ ఆగలేదు. మొదట్లో ఉక్రోషం వచ్చేది. ఆ తర్వాత భయం పట్టుకుంది. నేను మాట్లాడుతున్నానా, మాట్లాడుతున్నాననుకుంటున్నానా అని.

దానికి తోడు చిగుళ్ళ జబ్బు చేసి పళ్ళన్నీ పీకించుకోవాల్సి వచ్చింది. పళ్ళతో పాటు గొంతు కూడా పోయిందనిపించింది. మాటలో గాలి ఎక్కువైంది. ఫోనులో చెల్లెలే "ఎవరండీ?" అని అడిగింది. కట్టుడు పళ్ళు పెట్టించుకోమని కోడలు ఎంత బతిమాలినా వినలేదు.

"మా ఆసుపత్రిలోనే అత్తయ్యా, నేనే దగ్గరుండి చేయిస్తాను," అనేది కోడలు.

"నా నోరు, నా ఇష్టం. వినేవాళ్ళు లేని నోటికి పళ్ళెందుకు?" అనేది కండక్టరమ్మ.

బాతులు వచ్చింది అప్పుడే. వీధి చివర గుడ్లమ్మే ఆయన, పొదిగే కోడి కింద సరదాకి బాతు గుడ్లు పెట్టాడు. పిల్లలు బయటికి రాగానే ఆ కోడి వాటి ముక్కులు చూసి హడలిపోయింది. దగ్గరికి రానివ్వలేదు సరికదా, పొడవడం మొదలెట్టింది. గుడ్లకని వెళ్ళిన కండక్టరమ్మ నాలుగు బాతు పిల్లల్ని కూరగాయల సంచిలో వేసుకుని వచ్చింది.

"ఇవేంటి అత్తయ్యా?" అంది కోడలు.

"బాతులు."

"అవి తెలుస్తున్నాయి. ఎందుకని?"

"మీ గదిలో ఆ గాజు పెట్టెలో చేపలెందుకు? అందుకే."

కోడలు "అలాగే" అంది. ఆ ఒక్కసారికి ఆ మాట పనికొచ్చింది.

వంటింటి వెనక గోడకీ ప్రహరీకీ మధ్య సన్నటి జాగా ఉంది. అక్కడ పాత ప్లాస్టిక్ తొట్టి పెట్టి నీళ్ళు పోసింది. చెక్కపెట్టెలో చింకిగుడ్డలు పరిచి దాని మీద బల్బు వేలాడదీసింది. పిల్లలు పెరిగి పసుపు రంగు పోయి తెల్లబడ్డాక ఒక్కోదానికీ బుద్ధులు బయటపడ్డాయి. ఎప్పుడూ ముందు పరిగెత్తేది ఎక్స్‌ప్రెస్ అయింది. ప్రతి గడ్డిపోచ దగ్గరా ఆగేది ఆర్డినరీ. ముక్కుతో రెక్కలు సర్దుకోవడమే పనిగా పెట్టుకున్నది డీలక్స్. వెనకబడి కుయ్యోమని మిగతావాటిని అందుకోవడానికి వచ్చేది, అన్నిటికంటే చిన్నది, స్పేరు బస్సు.

నేర్పాలని ఆవిడేం అనుకోలేదు. ఒక పొద్దున ఉడికించిన బఠానీల పళ్ళెం కింద పెట్టి, ఏదో ధ్యాసలో ఉండి, బోసినోటితో "రైట్ రైట్" అంది. తొట్టిలో ఉన్న నాలుగూ తలలెత్తాయి. ఒకదాని వెనక ఒకటి, తొట్టి దిగి, వరసగా ఆవిడ కాళ్ళ దగ్గరికి వచ్చి నిలబడ్డాయి. కండక్టరమ్మ పళ్ళెం వదిలేసి అలాగే గోడకి జారబడి కూర్చుంది. ఏడిచింది కూడా. ఎందుకు దాచాలి? ఎన్నాళ్ళ తర్వాతో ఆవిడ ఒక మాట అంటే నాలుగు ప్రాణాలు కదిలాయి.

ఇక ఆగితే ఒట్టు. అటక మీద ట్రంకు పెట్టెలోంచి పాత తోలు సంచి దింపించింది. అందులో టికెట్లకి చిల్లు కొట్టే పంచ్ ఉంది. దానికి నూనె పెట్టింది. చెప్పిన పని బాతు సరిగ్గా చేసిన క్షణంలో టక్ అని పంచ్ నొక్కడం, వెంటనే ఒక బఠానీ గింజ వేయడం. ఆ టక్ చప్పుడుకి అర్థం "భేష్, ఇదే కావాలి" అని. అంతే విద్య. కానీ టక్ అనడం ఒక్క రవ్వ ఆలస్యమైనా కొంప మునుగుతుంది. ఒకసారి ఆర్డినరీ చక్కగా ఆగింది. ఈవిడ మురిసిపోతూ పంచ్ నొక్కేసరికి అది కాలెత్తి మెడ గోక్కుంటోంది. అంతే, తనని మెచ్చుకున్నది గోక్కున్నందుకేనని ఆ పిచ్చిది నమ్మేసింది. చాలారోజులు బఠానీ కావాల్సినప్పుడల్లా ఎదురుగా వచ్చి నిలబడి, ఒంటికాలి మీద తూలుతూ, మెడ గోక్కునేది. "నాదే తప్పు. స్టేజీ దాటాక టికెట్ కొట్టాను," అని దానికి సంజాయిషీ చెప్పుకుంది కండక్టరమ్మ.

రైట్ రైట్ తేలిగ్గానే వచ్చింది. "ముందుకి జరగాలి" అంటే పెట్టెలోకి దూరడం కూడా వచ్చింది. "దిగాలి దిగాలి" అంటే తొట్టిలోంచి బయటికి వచ్చేవి. హోల్డాన్ దగ్గరే తల ప్రాణం తోకకొచ్చింది. బాతుకి కదలడం తెలుసు, ఆగడం తెలియదు. ఆవిడ ముందు నడుస్తూ హోల్డాన్ అని ఆగితే అవి వచ్చి మడమలకి గుద్దుకునేవి. ఒకదాని మీద ఒకటి పడేవి. ఆ వానాకాలమంతా గొడుగు కింద అదే పని. ఎక్స్‌ప్రెస్ ఆగడం మొదలెట్టాకే మిగతావి ఆగాయి. ఆ తర్వాత ఆవిడ వెనకాల నిలబడి, వాటికి కనబడకుండా అన్నా, ఆగేవి. తల తిప్పి చూసేవి కావు.

మరి అలాంటి బాతులకి బుర్ర లేదా?

పందెం వేసిన రోజు సాయంత్రం కోడలు వచ్చి మంచం మీద పక్కన కూర్చుంది.

"అత్తయ్యా, నేను మీ పక్షమే. ఒక్క మాట చెప్తాను, కోపం తెచ్చుకోకండి."

"తెచ్చుకోవాలో లేదో విన్నాక చూద్దాం."

"ఇవాళ వాళ్ళు నవ్వింది మీరన్న మాటకి కాదు. మీ నోటికి. మీరు మాట్లాడుతుంటే మాట వినరు, నోరు చూస్తారు. నేను పక్కనే ఉన్నాగా, చూశాను. ఆ రోజు అందరి ముందూ మాట్లాడాలి కదా. నా కోసం ఒక్కసారి మా డాక్టరు గారి దగ్గరికి రండి."

కండక్టరమ్మ వేలితో చిగుళ్ళు తడిమి చూసుకుంది. కోపం రాలేదు, అదే ఆశ్చర్యం. అది నిజమని ఆవిడకీ తెలుసు. ఆ నవ్వు గుర్తొచ్చింది, అందులో కొడుకు నవ్వూ గుర్తొచ్చింది. ఫారమ్ వ్యాను గుర్తొచ్చింది. ఫారమ్‌కి పంపేది పెంచుకోవడానికి కాదని ఎవరూ ఆవిడకి విడమరిచి చెప్పనక్కర్లేదు. మర్నాడు తనే ముందు చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడింది.

మీటింగుకి ముందు రోజు పళ్ళు వచ్చాయి. పెట్టుకుని అద్దంలో చూసుకుంటే బుగ్గలు నిండాయి. ఖాకీ చొక్కా వేసుకుని డిపో గోడ దగ్గర దిగిన ఫొటోలోని మనిషి ఎదురుగా వచ్చి నిలబడ్డట్టు అయింది. "హోల్డాన్," అంది అద్దంతో. కంచు మోగినట్టు వచ్చింది. ఇంకోసారి అంది. ఇంకోసారి. వంటింట్లోంచి కొడుకు "ఏంటమ్మా?" అని పరిగెత్తుకొచ్చాడు. చూశారా, పిలవకుండానే వచ్చాడు. ఆవిడ పొంగిపోయింది. ఆ రోజంతా అద్దం వదల్లేదు. సెక్రటరీకి ఏం చెప్పాలో, ఎక్కడ గొంతు పెంచాలో, అన్నీ చెప్పి చూసుకుంది. చిగుళ్ళు ఒరుసుకుపోయి మంట పుడుతున్నా పళ్ళు తీయలేదు. బాతులకి మేత కొడుకే వేశాడు.

వయసంతా రూట్ మీద తిరిగిన మనిషి, బండి తీసేముందు ఒకసారి బ్రేకు తొక్కి చూసుకోవాలని తెలియదా? తెలుసు. ఆ రోజు అద్దం ముందు మర్చిపోయింది.

ఆదివారం పొద్దున పార్కింగులో ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. మామూలుగా ఈ మీటింగులకి నలుగురు కూడా రారు. ఆ రోజు మూడో అంతస్తు టీచరమ్మ దగ్గర్నుంచి ఎన్నడూ మొహం చూపించని ఫ్లాటు వాళ్ళ దాకా అందరూ దిగారు. గేటు బయట ఫారమ్ వ్యాను ఆగి ఉంది. వ్యానతను ఖాళీ బోను ఒకటి దించి, దాని మీదే కూర్చుని, వేడివేడిగా ఏదో తాగుతున్నాడు. సెక్రటరీ గారు కాగితాల ఫైలు చంకలో పెట్టుకుని నిలబడ్డారు. వాచిన మణికట్టుకి ఇంకా పట్టీ ఉంది.

కండక్టరమ్మ పెరటి గుమ్మం తీసి వచ్చి నిలబడింది. అందరి కళ్ళూ ఆవిడ నోటి మీదే పడ్డాయి. ఎవరో "అబ్బ, ఎంత బాగున్నారో," అన్నారు. కోడలు మొహం వెలిగిపోయింది.

"చూడండి," అంది కండక్టరమ్మ. ఆ మాట పార్కింగు చివరి దాకా వెళ్ళింది. లోపలికి తిరిగి, "రైట్ రైట్," అంది.

బాతులు గుమ్మంలోకి వచ్చాయి. వచ్చి ఆగిపోయాయి.

"రైట్ రైట్," అంది మళ్ళీ, ఇంకాస్త గట్టిగా.

ఎక్స్‌ప్రెస్ మెడ నిక్కించి చూసింది. డీలక్స్ రెండడుగులు వెనక్కి వేసింది. నాలుగూ గుంపుగా ఒకదానికొకటి ఒరుసుకుని, కొత్త మనిషిని చూసినట్టు చూశాయి. కుర్చీల్లోంచి చిన్న నవ్వొకటి వచ్చింది. కండక్టరమ్మ చేతిలో పంచ్ సర్దుకుంది. జనాన్ని చూసి బెదిరాయేమో అనుకుంది. కాదే, రోజూ ఈ పార్కింగులో ఎంతమందిని చూడవు? "ముందుకి జరగాలి," అంది. గొంతు ఖంగుమంది. ఆ ఖంగుకి ఎక్స్‌ప్రెస్ రెక్కలు విదిల్చి పరుగు లంకించుకుంది. మిగతావి దాని వెంట పడ్డాయి. పసుపు గీతా లేదు, గేటూ లేదు, నాలుగూ తిన్నగా వెళ్ళి సెక్రటరీ గారి కారు కిందే దూరాయి.

"హోల్డాన్," అంటూ ఆవిడ కంగారులో చేతిలో ఉన్న పంచ్ నొక్కేసింది. టక్.

అయిపోయింది. కారు కింద దూరడమే భేష్ అని ఆవిడే చెప్పినట్టయింది. బాతులు అక్కడే చల్లగా కూలబడి, ఇక బఠానీలు వస్తాయని ముక్కులు బయటికి పెట్టాయి.

ఈసారి నవ్వు ఆపుకోవడానికి ఎవరూ ప్రయత్నించలేదు. టీచరమ్మ కళ్ళు తుడుచుకుంది. కొడుకు మాత్రం నవ్వలేదు, నేల చూపులు చూస్తున్నాడు. సెక్రటరీ గారు నవ్వు దిగమింగి, "పోనీలెండి మేడమ్. మీరు ప్రయత్నించారు. మాట మాటే కదా," అని గేటు వైపు చెయ్యి ఊపారు. వ్యానతను గ్లాసు పక్కన పెట్టి, వల ఒకటి తీసుకుని వచ్చి, కారు పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. లోపలికి చెయ్యి పెట్టాడు. స్పేరు బస్సు కుయ్యోమంది.

ఆ కుయ్యోమనడం విని కండక్టరమ్మ "ఆగు," అంది వ్యానతనితో. అతను ఆగలేదు. కానీ ఆ "ఆగు" ఆవిడ చెవికే విచిత్రంగా వినబడింది. ఎవరిదీ గొంతు? పాత బస్సులోని కండక్టరుది. ఆ గొంతుకి ఆయన ఆగేవాడు, బస్సు ఆగేది. నిజమే. కానీ ఈ బాతులు ఆ బస్సు ఎక్కలేదే. ఆ కండక్టరు ఎవరో వీటికేం తెలుసు? వీటికి తెలిసింది గోడ పక్కన కూర్చుని, గాలి కలిసిన గొంతుతో, నోట్లో పళ్ళు లేకుండా మాట్లాడే ముసలామె. ఎవరూ విననప్పుడు ఇవి విన్నది ఆ మాటే. ఆ నోటినే చూసి సిగ్గుపడి, నిన్నంతా దాన్ని కప్పెట్టే పనిలో ఉంది తను.

తన మీద తనకే ఎంత కోపం వచ్చిందో చెప్పలేం. ఆ కోపంతోనే నోట్లో వేలు పెట్టింది.

"అత్తయ్యా, వద్దు," అంది కోడలు కుర్చీలోంచి లేస్తూ. "ఇంత మందిలో..."

"మందిలోనే," అంది కండక్టరమ్మ. పళ్ళు ఊడదీసింది. జనం గతుక్కుమన్నారు. ఎవరో మొహం పక్కకి తిప్పుకున్నారు. ఆవిడ పళ్ళు ఎక్కడ పెట్టాలా అని అటూ ఇటూ చూసింది. వ్యానతన్ని పిలవడానికి చాచిన సెక్రటరీ గారి చెయ్యి ఇంకా అలాగే ఉంది. తడి పళ్ళని తెచ్చి ఆ చేతిలో పెట్టింది.

"కాస్త పట్టుకోండి," అంది.

ఆయన పట్టుకున్నాడు. పట్టుకోక ఏం చేస్తాడు? కింద పడేస్తే పగులుతాయి. ఫైలు చంకలో, ఒక చేతికి పట్టీ, ఇంకో చేతిలో పరాయి మనిషి పళ్ళు.

కండక్టరమ్మ కారు వైపు తిరిగింది. పెదాలు లోపలికి ముడుచుకుపోయాయి, బుగ్గలు గుంటపడ్డాయి. గొంతు పెంచలేదు. పెరట్లో రోజూ ఎలా అంటుందో అలాగే, మెత్తగా, సగం గాలిగా అంది.

"రైట్ రైట్."

కారు కింద నుంచి నాలుగు మెడలు లేచాయి. వ్యానతని చేతిని దాటుకుంటూ ముందు ఎక్స్‌ప్రెస్ వచ్చింది, వెనక డీలక్స్, ఆ వెనక ఆర్డినరీ. స్పేరు బస్సు అతని వలని తొక్కుకుంటూ వచ్చి వరసలో కలిసింది. ఒకదాని వెనక ఒకటి, తోకలు ఊపుకుంటూ, కుర్చీల మధ్య నుంచి బయల్దేరాయి. అందరూ ఇప్పటిదాకా నవ్విన ఆ నోటి వంకే చూస్తున్నారు, అది ఇంకేం అంటుందోనని.

ముందరి బాతు కాలు పసుపు గీత మీద పడబోతుండగా ఆవిడ వెనక నుంచి అంది.

"హోల్డాన్."

ఆగాయి. ఆర్డినరీ ఇంకో రెండడుగులు వేసి, డీలక్స్‌ని గుద్దుకుని, అప్పుడాగింది.

"అది ఆర్డినరీ లెండి. స్టాపుకి కాస్త అటూ ఇటూగానే ఆగుతుంది," అంది కండక్టరమ్మ. ఈసారి నవ్వింది జనం కాదు, ముందు ఆవిడ. పళ్ళు లేని నోరు బార్లా తెరిచి, ఏ చెయ్యీ అడ్డం పెట్టుకోకుండా నవ్వింది. పంచ్ టక్‌మంది. నాలుగు బఠానీలు నేల మీద పడ్డాయి. సరిగ్గా సమయానికి.

గేటు దాకా నడిపించింది. వ్యాను ముందు మళ్ళీ ఆపింది. అక్కడ ఆపుతానని పందెంలో చెప్పలేదు. కావాలనే ఆపింది. నాలుగు బాతులూ ఆ ఖాళీ బోను ఎదురుగా తలలు ఎత్తుకుని నిలబడ్డాయి, ఆవిడ వాటి వెనక నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది. వ్యానతను ఒక్క మాట అడక్కుండా బోను ఎత్తి వ్యానులో పెట్టేసుకున్నాడు. అప్పుడు వెనక్కి తిప్పింది.

తిరిగి వస్తుంటే సెక్రటరీ గారు ఎదురొచ్చారు. ఫైలు ఎవరికో ఇచ్చేశారు గానీ పళ్ళు మాత్రం అలాగే అరచేతిలో, ఉయ్యాల్లో పసిబిడ్డని పెట్టుకున్నట్టు పెట్టుకుని ఉన్నారు.

"మేడమ్, మాట మాటే. ఒప్పుకుంటున్నాను," అన్నారు. "ఇవి..."

"ఉండనివ్వండి," అంది ఆవిడ, బాతుల మీంచి చూపు తిప్పకుండా. "దిగేటప్పుడు తీసుకుంటాను."

ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నారు.

పెరటి గుమ్మానికి అడ్డంగా కొడుకు నిలబడి ఉన్నాడు, మడిచిన కుర్చీ ఒకటి చంకలో ఇరికించుకుని. ఏదో అనబోయాడు. "అమ్మా, నేను ఆ రోజు..." అంటున్నాడు. బాతులు దారి లేక ఆగి, మెడలు సాచి ఎదురుచూశాయి. కండక్టరమ్మ కొడుకుని చూసింది, బాతుల్ని చూసింది. ఆ మెత్తటి గొంతుతోనే, ఎవరితోనని విడిగా చెప్పకుండా అంది.

"ముందుకి జరగాలి."

కొడుకు కుర్చీతో సహా జరిగాడు.